మెటా రిగ్రెషనున మదనపల్లె: ఒక విమర్శ

క్షయరోగ నివారణకు బి.సి.జి. టీకా ఎంతవరకు ఉపకరించునను ప్రశ్నపై పలు దేశములలో జరిగిన 13 పరీక్షలను కోల్డిట్జ్ ప్రభృతులు 1994లో ఒకచోట చేర్చి తూచిరి. ఇట్లు తూచుటకు మెటా ఎనాలిసిస్ అని పేరు. అందు మన తెలుగునేలకు చెందినది ఒకటి కలదు. మదనపల్లె పరిసర గ్రామములలో ఫ్రిమోట్ మొల్లర్ ప్రభృతులు జరిపి 1973లో ప్రకటించిన పరీక్ష యది. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ సోకినది. అనగా మొదటివారి ప్రమాదము రెండవవారి దానిలో 0.80 వంతు. పదమూడింటిని కలిపినచో అది 0.49.

ఇంత భేదమేల? పరీక్షాస్థలపు అక్షాంశమును హేతువుగా నిలిపి, ఫలితముల గుండ గీత గీచి చూతురు. ఇదియే మెటా రిగ్రెషను. ‘ఆర్’ అను ఉచిత సాఫ్ట్‌వేరున ‘మెటాఫర్’ ప్యాకేజీతోపాటు ఈ పట్టికయే అభ్యాసమునకు లభించుచున్నది. ఒక్క ఆజ్ఞతో గీత సిద్ధము. పరీక్షల నడిమి భేదములో నూటికి సుమారు 76 వంతులు అక్షాంశమే వివరించునని యంత్రము తెలుపును. మన చంద్రపురపు అక్షాంశము ఇంచుమించు 20. ఆ అంకె నిచ్చినచో 0.72 అని జవాబు వచ్చును. ఆ పదమూడింటిలో చంద్రపురమున జరిగినది ఒక్కటియు లేదు!

గణితమున దోషము లేదు. దానిని చదువు తీరుననే దోషము. అక్షాంశము రోగకారణము కాదు. ఉష్ణదేశపు మట్టిలో, నీటిలో నుండు ఇతర సూక్ష్మజీవుల సంపర్కము, టీకాకు ముందే సోకియున్న క్షయ, ఇట్టివెన్నియో ఆ యొక్క అంకె వెనుక దాగి యుండవచ్చును. సమాసము వ్రాసి విగ్రహవాక్యము చెప్పలేని విద్యార్థికి మేము పూర్తి మార్కులు వేయము గదా. శైశవముననో, ట్యూబర్క్యులిన్ పరీక్ష కట్టుదిట్టముగా చేసిన పిమ్మటనో వేసినచోట టీకా హెచ్చుగా రక్షించెనని మాంగ్తానీ ప్రభృతులు 2014లో చూపిరి.

మరియు గీతకు ఆధారము పదమూడు చుక్కలు మాత్రమే. మదనపల్లె ఫలితపు సందేహపరిధి 0.52 మొదలు 1.25 వరకు సాగుచున్నది. ప్రమాదము సగమైనదనియు, నాలుగవ వంతు పెరిగినదనియు కూడ దానితో వాదింపవచ్చును. అదే 13వ అక్షాంశమున 1980లో ఫలితములు వెలువడిన చెంగల్పట్టు పరీక్ష 1,76,000 మందికి పైబడినది. దాని నిష్పత్తి 1.01. గీతపై రెండును ఒకే స్థానమున నిలుచును.

ఈ 0.72ను బాబుపేటలోని తల్లి తన బిడ్డకు అన్వయించుకొనరాదు. మన దేశమున పుట్టగనే ఈ టీకా వేయుట ముఖ్యముగా పసిబిడ్డల మెదడుపొరలకు సోకు క్షయను నివారించుటకు. ఆ పట్టికలో వయస్సునకు గాని, ఆ వ్యాధికి గాని గడియే లేదు.