ప్రవాహ పరివర్తకం – మన పాఠంలో లోపించినది

ఇంటర్మీడియట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాఠం పూర్తిచేసిన విద్యార్థికి ఈ ప్రశ్న ఇచ్చి చూడండి. 11 కిలోఓల్టుల లైను ఒకటి ఒక ఇనుప వలయం మధ్యగా ఒకే ఒకసారి దూరి పోతున్నది. ఆ వలయం మీద సన్నని రాగి తీగను 1000 చుట్లు చుట్టి, దాని కొసలను ఒక ఆమ్మీటరుకు కలిపారు. ఆ కొసల మధ్య ఓల్టేజి ఎంత?

తెలివైన విద్యార్థి ఆలస్యం చేయడు. ప్రాథమిక తీగచుట్టలో ఒక చుట్టు, గౌణ తీగచుట్టలో వెయ్యి చుట్లు. కాబట్టి 11,000ను 1000తో గుణించి ఒక కోటి పది లక్షల ఓల్టులని చెబుతాడు. నిజానికి అక్కడ ఉండేది నాలుగైదు ఓల్టులు మాత్రమే. అతని గుణకారంలో తప్పు లేదు. అతడు వాడిన సూత్రం కూడా పుస్తకంలో ఉన్నదే. తప్పు మనం ఆ పాఠాన్ని చెప్పే తీరులో ఉన్నది.

పై ప్రశ్నలోని పరికరమే ప్రవాహ పరివర్తకం. విద్యుత్ సిబ్బంది దీనిని సి.టి. అంటారు. సబ్‌స్టేషను కంచె బయట నిలబడి చూస్తే లైన్ల కింద పింగాణీ స్తంభాల వంటివి వరుసగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఇవే. వేయి ఆంపియర్ల ప్రవాహాన్ని తిన్నగా ఆమ్మీటరులోకి పంపలేము. పంపగలిగినా, 132 కిలోఓల్టుల లైనుకు తగిలించిన మీటరు దగ్గరకు మనిషి పోలేడు. లైనులోని ప్రవాహానికి నమ్మకమైన చిన్న నమూనాను, లైనుతో ఏ తీగ సంబంధమూ లేకుండా, కంట్రోలు గదిలోని మీటర్లకూ రిలేలకూ అందించడమే దీని పని. ఆ నమూనా సాధారణంగా 1 ఆంపియరు గాని 5 ఆంపియర్లు గాని ఉంటుంది. ఇంత ముఖ్యమైన పరికరానికి మన బోధనలో దక్కుతున్నది మహా అయితే ఒక వాక్యం.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి వారి 12వ తరగతి భౌతికశాస్త్ర పుస్తకాన్ని తీసుకుందాం. ఓల్టేజి నిష్పత్తి చుట్ల నిష్పత్తికి సమానమని చెప్పేముందు ఆ పుస్తకం మూడు షరతులు పెట్టింది: ప్రాథమిక చుట్ట నిరోధమూ అందులోని ప్రవాహమూ స్వల్పం కావాలి, రెండు చుట్టల గుండా పోయే అయస్కాంతాభివాహం ఒకటే కావాలి, గౌణ ప్రవాహం స్వల్పం కావాలి. షరతులను దాచకుండా ముందే చెప్పినందుకు రచయితలను మెచ్చుకోవలసిందే. అయితే తరగతి గదిలో ఆ మూడు వాక్యాలను చదివి దాటిపోతాము. పరీక్షలో వాటిమీద ప్రశ్న రాదు. మిగిలేది సూత్రం. ప్రాథమిక చుట్ట కొసల మధ్య ఒక స్థిరమైన ఓల్టేజిని ఎవరో పెట్టి ఉంచారని, మిగిలినవన్నీ దానిని అనుసరిస్తాయని విద్యార్థి మనసులో ఒకే చిత్రం పడిపోతుంది.

ప్రవాహ పరివర్తకంలో ఈ చిత్రం తలకిందులవుతుంది. లైనులో ఎన్ని ఆంపియర్లు పోవాలో నిర్ణయించేది అవతల ఉన్న ఊరు: అక్కడి మిల్లులు, మోటార్లు, దీపాలు. మధ్యలో ఉన్న వలయానికి ఆ విషయంలో చెప్పుకోదగిన అధికారం లేదు. ఇక ఆ 11 కిలోఓల్టులు ఎక్కడున్నవి? ఒక ఫేజుకూ మరొక ఫేజుకూ మధ్య. వలయానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు లైను మీద ఉన్న ఓల్టేజి వేరే సంగతి. అది కొన్ని మిల్లీఓల్టులు. మన విద్యార్థి పొరపాటంతా ఇక్కడే ఉన్నది. ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగకుండా ఓల్టేజిని సూత్రంలో పెట్టాడు. అట్లా అడగాలని మనం నేర్పలేదు.

నేర్పవలసిన సూత్రం ఆంపియర్-చుట్ల సమతుల్యం. లైనులో 1000 ఆంపియర్లు ఒక చుట్టుగా పోతున్నవి గనుక, అవి వలయంలో 1000 ఆంపియర్-చుట్ల అయస్కాంతీకరణ బలం కలిగిస్తాయి. ఇనుములో అభివాహం మారగానే గౌణ చుట్టలో ప్రవాహం ప్రేరితమై, లెంజ్ నియమం ప్రకారం ఆ మార్పును ఎదిరిస్తుంది. 1 ఆంపియరు 1000 చుట్లలో పోతే మళ్ళీ 1000 ఆంపియర్-చుట్లే, కాని వ్యతిరేక దిశలో. రెండూ దాదాపు సరిపోయి, ఇనుమును అయస్కాంతీకరించడానికి మిగిలేది ఏ కొంచెమో. ఇప్పుడు ఓల్టేజి దానంతట అదే తేలుతుంది. గౌణ వలయం మొత్తం నిరోధం 5 ఓమ్‌లైతే, 1 ఆంపియరును అందులో నడపడానికి 5 ఓల్టులు కావాలి. వలయం అంతే పుట్టిస్తుంది. అందులో వెయ్యవ వంతు, అంటే 5 మిల్లీఓల్టులు, లైను మీద పడుతుంది. ఊరికి పోయే విద్యుత్తుకు అది లెక్కలోనిది కాదు. ఫారడే 1831లో ఇనుప వలయం మీద రెండు చుట్టలు చుట్టి కనుగొన్న నియమమే రెండు రకాల పరివర్తకాలకూ ఆధారం. మారినది ఏది బయటినుంచి వచ్చి పడుతున్నదనే సంగతి ఒక్కటే.

సందర్భం వచ్చింది గనుక ఒక మాట. “ఇది పెంచే పరివర్తకమా, తగ్గించే పరివర్తకమా?” అన్న ప్రశ్న దీనికి వర్తింపజేసి మార్కులు వేయడం పిల్లలను తికమక పెట్టడమే అవుతుంది. చుట్లు పెరిగాయి, ప్రవాహం తగ్గింది. అంతవరకు చెబితే చాలు.

“ప్రవాహ పరివర్తకం గౌణ చుట్టను ఎన్నడూ తెరచి ఉంచరాదు.” ఈ వాక్యం పాలిటెక్నిక్ నోట్సులలో, మౌఖిక పరీక్షలలో, సబ్‌స్టేషను గోడలమీద కనిపిస్తుంది. ఎందుకని అడిగితే “హై ఓల్టేజి వస్తుంది” అని జవాబు. ఆ ఓల్టేజి ఎందుకు వస్తుందో చెప్పగలిగినవారు తక్కువ. కారణం తెలియని నిషేధం మడి ఆచారం వంటిది; చూసేవారు లేనప్పుడు సడలిపోతుంది. ఇక్కడ సడలితే ప్రాణం పోవచ్చు.

ఆంపియర్-చుట్ల సమతుల్యం తెలిసిన విద్యార్థికి కారణం తనంతట తానే తడుతుంది. గౌణ వలయం తెగిపోతే ఎదురు నిలిచే 1000 ఆంపియర్-చుట్లు మాయమవుతాయి. లైను ప్రవాహం మాత్రం ఆగదు. ఆ ఊరు దానిని లాగుతూనే ఉన్నది. ఇంతవరకు ఏ కొద్ది ఆంపియర్-చుట్లతోనో పని గడుపుకున్న ఇనుము మీద ఇప్పుడు మొత్తం వెయ్యీ వచ్చి పడతాయి. ఇనుము ఒక దిశలో సంతృప్తమై, ప్రవాహం సున్న దాటే సమయంలో ఒక్క ఊపున రెండవ దిశ సంతృప్తానికి దూకుతుంది. ప్రేరిత ఓల్టేజి అభివాహం మారే వేగాన్ని బట్టి ఉంటుందని మనకు తెలుసు. ఆ దూకుడు సెకనులో అతి చిన్న భాగంలో జరుగుతుంది, చుట్లా వెయ్యి. అందుచేత తెగిన కొసల మధ్య ప్రతి అర్ధావర్తంలోనూ వేల ఓల్టుల శిఖరం లేస్తుంది. 5 ఓల్టులు మాత్రమే చూసిన టెర్మినళ్ళు అవి. మీటరు మార్చడానికి స్క్రూ విప్పిన మనిషి చేయి అక్కడే ఉంటుంది. ఇనుము కూడా విపరీతంగా వేడెక్కుతుంది. తిరిగి కలిపిన తరువాత కూడా అందులో అవశేష అయస్కాంతత్వం నిలిచిపోయి కొలతను చెడగొట్టవచ్చు.

ఈ వలయంలో ఫ్యూజు పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. ఒకే పింగాణీ స్తంభంలో మూడు, నాలుగు, అయిదు ఇనుప కోర్లు ఉండటం కద్దు. వాటిలో వాడని కోరు కొసలను తీగతో కలిపి మూసివేస్తారు. పక్కనే ఉండే ఓల్టేజి పరివర్తకానికి నియమం సరిగ్గా దీనికి తిరగవేత: దానిని షార్ట్ చేయరాదు, ఫ్యూజు ఉండవలసిందే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి బోధిస్తే రెండు నిషేధాలను బట్టీ పట్టే అవసరం ఉండదు.

మన పాఠంలోని రెండవ లోపం ‘ఆదర్శ పరివర్తకం’ అనే భావనపై పెంచుకున్న మమకారం. ఆదర్శానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని విద్యార్థి అనుకుంటాడు. ప్రవాహ పరివర్తకాల తయారీలో ఈ మాట సగమే నిజం.

కొలతకు వాడే కోరును చూడండి. 11 కిలోఓల్టుల వద్ద 100 ఆంపియర్లు తీసుకునే మిల్లు ఒకటి ఉన్నదనుకుందాం. సామర్థ్య గుణకం 0.9 అయితే అది వాడే సామర్థ్యం సుమారు 1715 కిలోవాట్లు. రాత్రింబవళ్ళు నడిస్తే 30 రోజులకు సుమారు 12 లక్షల 34 వేల యూనిట్లు. కొలతలో అర శాతం దోషం ఉంటే, నెలకు 6 వేలకు పైగా యూనిట్ల డబ్బు ఎవరో ఒకరు అన్యాయంగా నష్టపోతున్నారన్నమాట. అందుకే ఈ కోర్లకు 0.5, 0.2, 0.2ఎస్ వంటి తరగతులు నిర్ణయించారు. 0.2ఎస్ తరగతి కోరుకు, ప్రవాహం నిర్ణీత విలువలో ఒక శాతానికి పడిపోయినప్పుడు కూడా దోషం ఎంతకు మించరాదో విధించి ఉంటుంది. అయితే లైనులో షార్ట్ సర్క్యూట్ జరిగి ప్రవాహం ఇరవై రెట్లయినప్పుడు ఇదే కోరు నిజం చెప్పకూడదు! నిజం చెబితే మీటరు మాడిపోతుంది. కనుక అయిదు, పది రెట్లకే సంతృప్తమై చేతులెత్తేసేట్టు దానిని ఉద్దేశపూర్వకంగా తయారుచేస్తారు.

రక్షణ కోరు సంగతి వేరు. మామూలు రోజుల్లో అది ఒక శాతం తప్పు చెప్పినా ఫరవాలేదు. ప్రమాదం జరిగిన క్షణంలో మాత్రం అది నిలబడాలి. దాని పేరుపలక మీద 5పి20 అని ఉంటే, నిర్ణీత ప్రవాహానికి 20 రెట్లు వచ్చినా, నిర్ణీత భారం మీద, మొత్తం దోషం 5 శాతం మించదని అర్థం. ఒకే గొట్టంలో పక్కపక్కన ఉండే రెండు కోర్లలో ఒకదాని గుణం రెండవదానికి దోషం. విద్యార్థికి ఇంతకంటె ఆసక్తికరమైన విషయం ఆ అధ్యాయంలో మరొకటి ఉంటుందా అని నా సందేహం.

రక్షణ కోరు విఫలమయ్యేది ఎప్పుడు? 1000 చుట్ల వలయం, ఇనుము అడ్డుకోత 10 చదరపు సెంటీమీటర్లు, అభివాహ సాంద్రత 1.5 టెస్లాల దగ్గర సంతృప్తమనుకుంటే, 50 హెర్ట్జ్ వద్ద అది పుట్టించగలిగే ఓల్టేజి సుమారు 333. లైనులో 20 వేల ఆంపియర్లు వస్తే గౌణంలో 20 ఆంపియర్లు. 5 ఓమ్‌లలో వాటిని నడపడానికి 100 ఓల్టులు చాలు. నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండరాదు. షార్ట్ సర్క్యూట్ ప్రవాహం మొదట్లో సున్నకు ఇరుపక్కలా సమంగా ఊగదు. ఒక పక్కకు ఒరిగి, మెల్లగా సర్దుకుంటుంది. లైను ప్రతిరోధం దాని నిరోధానికి 15 రెట్లుంటే, ఆ ఒరుగు పూర్తిగా ఉన్న సందర్భంలో కోరుకు 16 రెట్ల సామర్థ్యం, అంటే 1600 ఓల్టుల స్థాయి కావాలి. ఉన్నది 333. తొలి ఆవర్తనాలలోనే ఇనుము సంతృప్తమవుతుంది, గౌణ ప్రవాహం తరంగం మధ్యలో కుప్పకూలుతుంది.

దాని ఫలితం ఎవరి మీద పడుతుంది? మెర్జ్, ప్రైస్ అనే ఇంజనీర్ల పేరుతో 1904 నుంచి ప్రసిద్ధమైన రక్షణ పద్ధతి ఒకటి ఉన్నది. పరికరంలోకి పోయిన ప్రవాహాన్నీ, బయటికి వచ్చిన ప్రవాహాన్నీ రెండు చివరల ప్రవాహ పరివర్తకాలతో పోల్చుతారు. తేడా ఉంటే లోపల లోపమున్నట్టే. రిలే బ్రేకరును తెరుస్తుంది. ఇప్పుడు లోపం ఎక్కడో బయట, దూరాన జరిగిందనుకోండి. రెండు చివరలా ఒకే ప్రవాహం; కాని ఒక కోరు సంతృప్తమై తక్కువ చెప్పింది. లేని తేడా ఉన్నట్టు కనిపించి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఆగిపోవచ్చు, పట్టణమంతా చీకటి కావచ్చు. ఈ అపాయం తెలుసు గనుకనే, పోయే ప్రవాహం పెరిగినకొద్దీ మరింత తేడా ఉంటేనే కదిలేట్టు నేటి రిలేలను అమరుస్తారు.

తీగల పొడవు కూడా కోరు మీద భారమే. యార్డు నుంచి కంట్రోలు గదికి 100 మీటర్లుంటే, పోను రాను 200 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం సుమారు ఒకటిన్నర ఓమ్. 5 ఆంపియర్లు పోతే తీగకే 37 ఓల్ట్-ఆంపియర్లు ఖర్చు. 1 ఆంపియరుకు ఒకటిన్నర మాత్రమే. పెద్ద యార్డులలో 1 ఆంపియరుకే మొగ్గు చూపడం ఇందువల్లనే. ప్రవాహ వర్గానికి అనుపాతంగా నష్టం ఉంటుందన్న పాఠానికి ఇంతకంటె సూటి ఉదాహరణ అక్కరలేదు.

ఇవన్నీ ఉన్నత పాఠశాలకు మించినవని కొందరు ఉపాధ్యాయులు అనవచ్చు. సంతృప్తం లెక్కలు మించినవే. ఆంపియర్-చుట్ల సమతుల్యం మాత్రం కాదు. దానిని చూపించడానికి ఒక క్లాంప్ మీటరు చాలు. ఆ మీటరు దవడలలో ఉన్నది మన ఇనుప వలయమే. మంచి ఇన్సులేషను ఉన్న ఫేజు, న్యూట్రల్ తీగలను విడివిడిగా ఉంచిన ఒక పొడిగింపు తీగను ఉపాధ్యాయుడే సిద్ధం చేసుకోవాలి. 1000 వాట్ల హీటరు పెట్టి ఒక్క ఫేజు తీగను దవడలలో ఉంచితే మీటరు 4.3 ఆంపియర్ల దరిదాపు చూపుతుంది. స్విచ్చి తీసి, ఆ తీగనే దవడ చుట్టూ తిప్పి రెండుసార్లు దూర్చి, మళ్ళీ స్విచ్చి వేస్తే రెట్టింపు చూపుతుంది. ప్రవాహం పెరిగిందా? పిల్లలనే చెప్పనివ్వండి. తరువాత ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి దూర్చండి. హీటరు ఎర్రగా కాలుతూనే ఉంటుంది. మీటరు సున్న చూపుతుంది.

ఈ సున్న మీదనే ఇంటి రక్షణ ఒకటి నిలబడి ఉన్నది. స్విచ్‌బోర్డు దగ్గర పెట్టే లీకేజి బ్రేకరులో రెండు తీగలూ ఒకే వలయం గుండా పోతాయి. పోయినదంతా తిరిగి వచ్చినంతసేపు వలయానికి ఏమీ తెలియదు. తడి చేతితో గీజరును ముట్టుకున్న మనిషి ఒంటిగుండా 30 మిల్లీఆంపియర్లు నేలలోకి పోయిందా, సమతుల్యం ఆ మేరకు తప్పి, గౌణ చుట్ట బ్రేకరును కదిలిస్తుంది. హీటరు తీసుకునే 4 ఆంపియర్లను లక్ష్యపెట్టని వలయం ఈ 30 మిల్లీఆంపియర్లను ఎట్లా పసిగట్టిందన్న ప్రశ్నను తరగతిలో వేసి, జవాబు కోసం ఒక్క పీరియడు ఆగి చూడవచ్చు.