వఫాదారీకి ఎన్ని ఇమ్తిహాన్లు?

పీటర్ బెర్గెండి 2011లో తీసిన హంగేరీ సినిమా 'అ విజ్‌గ'. అంటే పరీక్ష. కథాకాలం 1957 క్రిస్మస్. 1956 నవంబరులో సోవియట్ ట్యాంకులు తిరుగుబాటును నలిపేశాక, బెదిరిన రాజ్యం తన మనుషుల్నే అనుమానిస్తున్న రోజులు. యూంగ్ పైకి జర్మన్ పాఠాలు చెప్పే పంతులు, లోపల గూఢచారి. అతన్ని మాటున కనిపెట్టి చూసేది అతని గురువు మార్కో. ఆ మార్కోకీ పరీక్ష ఉందని తర్వాత తెలుస్తుంది.

కథనం బిగువుగా ఉంది. కానీ మమ్మల్ని కుదిపింది ఆ బిగువు కాదు, ఈ పరీక్షలో పాసవడమనేది లేకపోవడం. ద్రోహం దొరికితే శిక్ష. దొరక్కపోతే బాగా దాచాడని అనుమానం.

ఈ ఇమ్తిహాన్ మాకు కొత్త కాదు. క్రికెట్ మ్యాచ్ నాడు ఎవరికి చప్పట్లు కొట్టావని అడుగుతారు. చెప్పినా ఆ ప్రశ్న ఆగదు. అయితే యూంగ్ ఇతరుల మీద నిఘా వేసి బతికినవాడు. మేం పుట్టాం, అంతే. సినిమా లోటూ ఇక్కడే. ఏజెంటు వేదన చూపినంతగా, అతని నివేదికల్లోకి ఎక్కిన మామూలు జనం వేదన చూపలేదు.

మతాన్ని పక్కనపెట్టిన రాజ్యం కూడా వఫాదారీకి రుజువు అడిగింది. అందుకే సెక్యులర్ మిత్రులకు ఒక మాట: 'వీళ్లూ దేశభక్తులే' అని మా తరఫున సర్టిఫికెట్ ఇవ్వొద్దు. అసలు ఈ పరీక్ష ఎందుకని అడగండి.