ఎవరు రాశారో కూడా చెప్పండి

పదమూడేళ్ల పిల్లకు ఒక నవల చదవమని చెప్పడం పెద్దవాళ్లకు చెప్పినంత తేలిక కాదు. పెద్దవాళ్లు మొహమాటానికైనా నాలుగు అధ్యాయాలు చదువుతారు. పిల్లలకు ఆ మొహమాటాలేవీ ఉండవు. మూడో పేజీలో విసుగొచ్చిందా, పుస్తకం మంచం కిందకు పోతుంది. ఇంకోసారి మనం చెప్పబోయే పుస్తకం మీద నమ్మకం కూడా దాంతోపాటే పోతుంది. పైగా ఆ నవల పేరున్న సంస్థ వేసింది కాక, రచయిత చేతి డబ్బు పెట్టి రెండు మూడు వందల కాపీలు అచ్చు వేయించుకున్నదైతే చెప్పేవాడి మీద బరువు ఇంకా ఎక్కువ. దానికి ప్రకటనలు ఉండవు, పుస్తకాల షాపులో ముందు వరసలో చోటు ఉండదు. చదివినవాళ్ల నోటిమాట ఒక్కటే దాన్ని ఇంకో చేతికి చేర్చాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో తెలిసినవాళ్ల పిల్లలకు కొన్నేళ్లుగా నేనీ పని చేస్తున్నాను. మాంత్రికులు, రాక్షసులు, శిథిల నగరాలు, సముద్రం అడుగున కోటలు ఉండే నవలలు. అచ్చంగా పదీ పదిహేడేళ్ల మధ్య పిల్లల కోసం రాసినవి, రాసినవాళ్లే అచ్చు వేసుకున్నవి. ఈ పని ఈ మూడు ఊళ్లలో చేయడం నాకు ఒక బాకీ తీర్చడంలా అనిపిస్తుంది. తెలుగు పిల్లల్ని తరాలపాటు ఆ గుహల్లో, ఆ లోయల్లో తిప్పినవాళ్లు ఈ డెల్టా మట్టిలోంచి వెళ్లినవాళ్లే మరి.

1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన చక్రపాణి తెనాలి ఐతానగరం మనిషి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఆ పత్రికకు ఆ వాడి, ఆ సాఫీ నడక తెచ్చిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు చందమామలో ప్రతి కథా ఆయన చేతి మీదుగానే సాగింది. ఇక మూడో మనిషి ఈ డెల్టాలోనే పెదగాజులపల్లిలో 1932లో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం. ఈ మూడో పేరు మాత్రం చాలామందికి చాలా ఆలస్యంగా తెలిసింది.

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయా సరోవరం, భల్లూక మాంత్రికుడు. 1954లో మొదలై 1970ల చివరి దాకా చందమామలో వచ్చిన పన్నెండు సీరియళ్లివి. పన్నెండూ దాసరి రాసినవే. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ధూమక సోమకులు ఎవరంటే నా ఈడువాళ్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. శిఖిముఖి, విక్రమకేసరి, సిద్ధసాధకుడు మా ఇళ్లలో చుట్టాల్లా తిరిగారు. వాళ్లను పుట్టించింది ఎవరని ఒక్కరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చందమామ సంపాదక వర్గంలో అర్ధశతాబ్దం పైన కూర్చుని పనిచేసిన మనిషి ఆయన.

2010 జనవరిలో ఆయన పోయారు. ఆ చివరి ఏళ్లలోనే పాత చందమామలు దాచుకున్న అభిమానులు ఆయన్ను వెతికి పట్టుకోవడం, ఆయన గురించి రాయడం మొదలైంది. పోయాక 'రచన' పత్రిక సంపాదకుడు శాయి గారు వాహిని బుక్ ట్రస్టు తరఫున ఆయన రచనలను పుస్తకాలుగా తీసుకొచ్చే పనికి పూనుకున్నారు. 'బొమ్మరిల్లు' పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చిన 'మృత్యులోయ' అలా నవలై చేతికొచ్చింది. ఏ పెద్ద వ్యాపార సంస్థా ఎగబడి వేయలేదు. చిన్నప్పుడు చదివి మరిచిపోలేనివాళ్లు ఇంకొకరికి చెప్పి, వాళ్లు మరొకరికి చెప్పి, ఆ మాట పట్టుదలగా మారి అచ్చుయంత్రం దాకా వెళ్లింది. అందుకే పిల్లలకు ఒక పుస్తకం చెప్పేటప్పుడు కథ కన్నా ముందు రచయిత పేరు చెబుతాను. పేరు నోట్లో పడేదాకా రెండుసార్లు చెబుతాను. ఫలానా ఊరివాడు, ఫలానా పని చేస్తాడు, రాత్రిళ్లు కూర్చుని రాశాడు అని కూడా చెబుతాను. కథ వెనక మనిషి ఉన్నాడని తెలిసిన పిల్లలు ఆ మనిషి రాసిన రెండో పుస్తకం అడుగుతారు. సొంతంగా వేసుకునే రచయితకు ఆ రెండో పుస్తకం అడిగే పాఠకుడే ప్రాణం.

కొత్త నవల ఏది వచ్చినా నేను దాసరి పక్కన పెట్టి చూస్తాను. కఠినమైన కొలతే, తెలుసు. ఆయన నెలకు ఏడెనిమిది పేజీల్లో కథ నడపాలి. నెల రోజులు పిల్లవాడు గుర్తుంచుకోవాలి. కాబట్టి ప్రతి భాగం చివర ఒక తలుపు సగం తెరిచి వదిలేస్తాడు. రాక్షసుడు భయపెడతాడు, మరుక్షణం అమాయకంగా మాట్లాడి నవ్విస్తాడు. మాంత్రికుడికి శక్తి ఉంటుంది, దాంతోపాటు అత్యాశా, పిరికితనమూ ఉంటాయి. కష్టంలో పడ్డ కుర్రాళ్లు తమ తెలివితో, తోడు మనిషి సాయంతో బయటపడాలి. ఆకాశం నుంచి దేవుడు దిగి వచ్చి గట్టెక్కించడం ఆయనకు ఇష్టం ఉండదు. ఇక భాష. బడి మానేసిన పిల్లవాడికి కూడా అడ్డం తగలని భాష అది. అందులో కుటుంబరావు చేయి ఎంతో ఉంది.

ఇప్పుడు సొంతంగా వస్తున్న నవలల్లో ఊహకు కొదవ లేదు. వచ్చిన చిక్కల్లా మొదటి అధ్యాయంతోనే. ఏడు లోకాల చరిత్ర, నాలుగు వంశాల పుట్టుక, పదిహేను పేర్లు మొదటి పది పేజీల్లో కుమ్మరిస్తారు. కథ పదకొండో పేజీలో మొదలవుతుంది. అప్పటికి పిల్ల లేదు.

బాపట్లలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి చేత ఇలాంటి నవల మొదటి పేజీ గట్టిగా చదివించాను. ఇంగ్లిష్ మీడియం. తెలుగు బాగానే మాట్లాడుతుంది, సినిమా పాటలన్నీ నోటికొచ్చు. చదవడం మొదలుపెట్టాక వేలు అక్షరం కింద పెట్టుకుంది. 'ఘోరాంధకారపరివేష్టిత' దగ్గర వేలు ఆగింది. 'ఘోరా' అంది, 'అంధ' అంది, నా మొహం చూసింది. "సార్, దీన్ని వదిలేసి కింది లైను చదవనా?" అంది. కింది లైనులో ఒక గుర్రం చీకట్లో సకిలిస్తుంది. అక్కడి నుంచి వేలు తీసేసి చదివింది, గుర్రం ఎవరిదో తెలిసేదాకా ఆగలేదు. ఆ ఒక్క సమాసం తీసేస్తే ఆ పేజీకి ఏ లోటూ లేదు.

ఆ రోజు నుంచి మొదటి పేజీ పైకి చదవనిదే ఏ పుస్తకమూ చెప్పడం లేదు. తెలుగును రెండో భాషగా మాత్రమే చదువుకునే పిల్లలకు కళ్లు మెల్లగా నడుస్తాయి. వాళ్లకు కథ అర్థం కాకపోవడం అరుదు; అక్షరాల వెంట పరిగెత్తలేక అలిసిపోతారు. అందువల్ల అక్షరం సైజు, వరసల మధ్య ఎడం, అధ్యాయం నిడివి కూడా చూడాల్సిందే. రచయితలు డబ్బు కలిసొస్తుందని మూడొందల పేజీల కథను రెండొందల్లో ఇరికిస్తారు. కాగితం ఖర్చు తెలియనివాణ్ణి కాదు. కానీ ఆ ఇరుకులో పోయేది పాఠకుడే. ఇంకొకటి, అను ఫాంట్లలో కొట్టిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ చూసుకోకుండా అచ్చుకు పంపడం. ఒత్తులు ఎగిరిపోతాయి, సున్నాలు పక్క అక్షరం మీదకు ఎక్కుతాయి. అసలే తడుముకునే పిల్ల అచ్చుతప్పును తన తప్పనుకుంటుంది. డబ్బిచ్చి ప్రూఫులు దిద్దించుకోండి అని ప్రతి రచయితకూ చెబుతున్నాను, చెబుతూనే ఉంటాను.

పిల్లవాడి నోటిమాట ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి క్రిస్టఫర్ పావొలీని కథ చాలు. అమెరికాలో మోంటానా కుర్రాడు. పదిహేనేళ్లకు 'ఎరగాన్' రాయడం మొదలుపెట్టాడు. 2002లో తల్లిదండ్రులే తమ చిన్న సంస్థ పేరున అచ్చు వేశారు. ఆ కుర్రాడు మధ్యయుగాల నాటి దుస్తులు వేసుకుని బళ్లకూ లైబ్రరీలకూ తిరిగి తన డ్రాగన్ కథ చెప్పుకున్నాడు. కార్ల్ హయసెన్ అనే నవలా రచయిత కుటుంబంతో అటు వెళ్లినప్పుడు ఆయన సవతి కొడుకు ఆ పుస్తకం చదివి బాగుందన్నాడు. హయసెన్ తన ప్రచురణకర్తల చెవిన వేశాడు. 2003లో నాఫ్ సంస్థ దాన్ని వేసింది, ఆ తర్వాత అది ప్రపంచమంతా తిరిగింది. ఆ పిల్లవాడు రివ్యూ రాయలేదు, నక్షత్రాలు వేయలేదు. చదివాడు, నచ్చిందని ఇంట్లో చెప్పాడు.

మన దగ్గర ఆ నోటిమాటకు అడ్డాలు ఎక్కువ. మంచి నవల ఫలానా చోట ఉందని చెబితే, తెనాలిలో దాన్ని కొనే చోటు ఉండదు. రచయితకు ఫోన్ చేసి, డబ్బు పంపి, పోస్టులో తెప్పించుకోవాలి. తక్కువ ఖర్చుతో వెళ్లే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోవడంతో చిన్న ప్రచురణకర్తల నడ్డి విరిగింది. చదువుల పుస్తకాల కోసమని 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మాంత్రికుడి నవల కూడా చదువే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కాకపోతే చిన్న రచయితకు నేను ఇచ్చే సలహా వేరే: అయిదు కాపీలు ఒక్క పార్సిల్‌గా ఒక ఊరికి పంపండి, ఆ ఊళ్లో ఒకరు పంచుతారు. రేపల్లెకు నేనే రైల్లో పట్టుకెళ్తాను.

ఆ రైలు భట్టిప్రోలు మీదుగా వెళ్తుంది. ఎప్పుడెళ్లినా అక్కడ నా మనసు కిటికీలోంచి బయటికి దూకుతుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపం తవ్వించినప్పుడు రాతి పెట్టెల్లో భద్రపరిచిన ధాతువులు, స్ఫటిక భరిణె బయటపడ్డాయి. ఆ పెట్టెల మీద రెండు వేల ఏళ్లు దాటిన బ్రాహ్మీ అక్షరాలు ఉన్నాయి. ఇటు నిజాంపట్నం తీరంలో పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు ఓడలు దించి వ్యాపారం చేశారు. రాతి పెట్టె, అందులో స్ఫటికం, చదవడానికి రాని లిపి, తీరాన పరాయి ఓడ. పదిహేనేళ్ల పిల్ల చేతిలో ఆ భరిణె పెట్టి కథ మొదలుపెట్టే రచయిత ఒక్కరు రారా అని ఎదురుచూస్తున్నాను. సొంతంగా రాసేవాళ్లలో చాలామంది డ్రాగన్ల కోసం మంచుకొండల దాకా పోతున్నారు. పోవడంలో తప్పు లేదు. కానీ సూర్యలంక సముద్రం, కృష్ణ మడ అడవులు, పిల్లలు రోజూ బడికి వెళ్లే దారిలో స్తూపం, ఇవి ఉన్న కథ చేతికిస్తే "ఇది మన ఊరే కదండీ" అని వాళ్లు చదివే తీరే మారిపోతుంది.

ఇక చెప్పే పద్ధతి. కథ చెప్పను. మొదట పిల్లవాణ్ణి అడుగుతాను: ఈ మధ్య నువ్వు ఆపకుండా చూసిందేమిటి? తెనాలి కుర్రాళ్లు చాలామంది జపాన్ కార్టూన్ సీరియళ్ల పేర్లు చెబుతారు. అందులో ఏం నచ్చిందో రెండు మాటల్లో చెప్పమంటాను. స్నేహితుల జట్టా, పగా, వింత శక్తులా, నవ్వా? ఆ జవాబును బట్టి పుస్తకం తీస్తాను. జట్టు కావాలన్నవాడికి జయశీలుడు, సిద్ధసాధకుడు ఉన్న 'మాయా సరోవరం' ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్తవాటిలో అయితే, చదివి పూర్తి చేయనిదే చెప్పను. రచయిత స్నేహితుడైనా సరే. మధ్యలో ఆడపిల్లల్ని హీనంగా చూపించారా, రంగును బట్టీ కులాన్ని బట్టీ రాక్షసుల్ని చేశారా అని చూస్తాను. అలాంటిది కనబడితే ఎంత ఊహాశక్తి ఉన్నా ఆ పుస్తకం నా చేతుల మీదుగా పిల్లలకు వెళ్లదు, ఎందుకు వెళ్లదో రచయితకు నేరుగా చెబుతాను.

తల్లులతో వేరే మాట్లాడాలి. "అన్నయ్యగారూ, పదో తరగతి కదా, మార్కులు తగ్గవా?" అన్నది రేపల్లెలో తరచూ వినే ప్రశ్న. రోజుకు ఒక అధ్యాయం, అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు అని చెబుతాను. కుదిరితే మీరు పక్కన కూర్చుని వినండి అంటాను. ఒకావిడ అలా విని, తర్వాత అధ్యాయం పిల్లవాడు బడికెళ్లాక తానే చదివేసుకుందట. ఆ పుస్తకానికి ఇద్దరు పాఠకులు దొరికారు.

రెండు వారాలు ఆగి, నచ్చిందా అని మాత్రం అడగను. నచ్చిందని అబద్ధం చెప్పడం పిల్లలకు తేలిక. "ఏ పేజీలో ఆగావు?" అని అడుగుతాను. పేజీ నంబరు రాసుకుంటాను. నలుగురు పిల్లలు ఒకే చోట ఆగితే అక్కడ ఏదో ఉందన్నమాట. ఆ నంబర్లు రచయితకు పంపిస్తాను. పెద్ద సంస్థ అయిదు వేల కాపీలు వేశాక ఎవరూ ఏమీ చేయలేరు. సొంతంగా, కావలసినప్పుడు యాభై యాభై కాపీలు వేయించుకునే రచయిత మాత్రం వచ్చే యాభైలో దిద్దుకోగలడు. ఈ దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఈ మధ్య అలా ఒక రచయిత్రికి ఆవిడ నవల గురించి రాశాను. దీవి, పడవ, సముద్రపు మంత్రగత్తె ఉన్న కథ. పిల్లలు అందరూ నలభై ఒకటో పేజీ దగ్గర ఆగారు. అక్కడ మంత్రగత్తె తాత ముత్తాతల చరిత్ర ఆరు పేజీలు ఉంది. రచయిత్రి మొదట నొచ్చుకున్నారు. తర్వాత ఫోన్ చేసి, "ఆ ఆరు పేజీలూ తీసేశానండీ, రెండు వాక్యాలు మిగిల్చి పడవ ఎక్కించేశాను" అన్నారు. కొత్త కాపీలు అచ్చులో ఉన్నాయి. అవి రాగానే నవల పేరు, ఆవిడ పేరు, వెల, ఎక్కడికి రాస్తే దొరుకుతుందో ఈ కాలమ్‌లోనే ఇస్తాను.