ఆయనకి ఒక్క తరగతే కదే!

అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చదవడం తగ్గించమన్నారు డాక్టరు. ముప్ఫై రెండేళ్లు ఎస్జీటీగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదవకపోతే ఆవిడకి తెల్లారినట్టు ఉండదు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరిస్తుంటే చూడలేక, నేనే ఏదో ఒకటి చదివి వినిపిస్తానన్నాను. బ్యాగులో గిజుభాయి ‘పగటి కల’ ఉంది. టీచరమ్మకి టీచరు కథ, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ పుస్తకం గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ వారంలో తలకిందులయ్యాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గిజుభాయి బధేకా (1885–1939) గుజరాతీ. వకీలు వృత్తి వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరాడు, 1920లో అక్కడ బాలమందిరం మొదలుపెట్టాడు. మాంటిస్సోరి పద్ధతిని మన నేల మీదికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. మీసాలున్న అమ్మ అని పిలిచేవారట ఆయన్ని. 1930ల తొలినాళ్లలో వచ్చిన ‘దివాస్వప్న’ ఆయన రాసిన కథారూప గ్రంథం. తన ఆలోచనలు పనిచేస్తాయో లేదో చూడాలని ఒక యువకుడు విద్యాధికారిని అడిగి, మామూలు ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతిని ఒక ఏడాదికి తీసుకుంటాడు. ఆ ఏడాదే పుస్తకం. బీఈడీ చేసేవాళ్లకీ, స్వచ్ఛంద సంస్థల్లో చేరే పిల్లలకీ మొట్టమొదట చేతిలో పెట్టే పుస్తకాల్లో ఇదొకటి. ‘రైలుబడి’ చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లు ఆ తర్వాత దీని దగ్గరికే వస్తారు. నేనూ అలాగే వచ్చాను.

మొదటి అధ్యాయం ఇప్పటికీ అద్భుతంగా ఉంది. మాస్టారు రాత్రంతా పథకం వేసుకుని క్లాసుకి వస్తాడు. తలుపులు మూయించి, మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతాడు. మాంటిస్సోరి పుస్తకాల్లో ఎంతో అందంగా కనిపించిన ఆట. పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు, అరుస్తారు. మాస్టారు బిక్కచచ్చిపోయి వాళ్లని ఇంటికి పంపించేస్తాడు. అటు హెడ్మాస్టరు మండిపడతాడు. మర్నాడు మౌనం సంగతి వదిలేసి కథ మొదలుపెడతాడు. అల్లరంతా ఎక్కడికి పోయిందో తెలియదు, పిల్లలు దగ్గరికి జరిగి కూర్చుంటారు. కథ మధ్యలో ఆపి హాజరు తీసుకుంటాడు.

ఇక్కడికి వచ్చేసరికి అమ్మ పెద్దగా నవ్వింది. “హాజరు కథ మధ్యలో తీసుకోవడం బాగుంది. నాకు తట్టలేదు సుమా” అంది. నాకు సంతోషమేసింది. ఇక సాఫీగా సాగిపోతుందనుకున్నాను.

ఇంకో ఇరవై పేజీలకి అడిగింది, “ఇంతకీ ఆయనకి ఎన్ని తరగతులు?”

నాలుగో తరగతి అని చెప్పాగా అన్నాను.

“ఆయనకి ఒక్క తరగతే కదే! నాకు ఐదు.”

మూడుసార్లు చదివిన పుస్తకంలో ఆ సంగతి నాకెప్పుడూ కనపడలేదు. ఒక గది, ఒక తరగతి, ఒక మాస్టారు, పక్కన నిలబడే అధికారి. పైగా ఈయన జీతం కోసం వచ్చినవాడు కాదు, ప్రయోగం కోసం వచ్చాడు. చెడిపోతే ఇంటికి పోవచ్చు. కథ నడవడానికి ఇవన్నీ కావాలి, నిజమే. కానీ మన ఊళ్లలో సర్కారు బడి ఎలా ఉంటుందో చూడండి. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలు. ఇది చట్టాన్ని తప్పినచోట సంగతి కాదు, చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించినచోట సంగతి. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు ఒకటీ రెండూ తీసుకుంటే, ఇంకొకరు మూడూ నాలుగూ ఐదూ. మూడో తరగతికి లెక్క చెబుతున్నంతసేపూ నాలుగో తరగతి ఏదో ఒకటి రాస్తూ ఉండాలి, ఐదో తరగతి ఎక్కాలు చదువుతూ ఉండాలి. రెండో టీచరు మండలంలో మీటింగుకి వెళ్తే ఐదూ ఒకరివే. మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క. అమ్మ సర్వీసు చివరి ఏళ్లలో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం కూడా చేరింది. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని వేపచెట్టు దగ్గరికి వెళ్లిన టీచర్ని పిల్లలు గుమ్మంలోంచి చూస్తూ ఉండేవాళ్లట.

ఈ లోకం తెలిసినవాళ్లకి ‘పగటి కల’లో మిగతా మాస్టర్లు కొంచెం అన్యాయంగా కనిపిస్తారు. వాళ్లు స్టాఫ్‌రూములో కూర్చుని ఎద్దేవా చేస్తారు. సిలబస్ ఎలా పూర్తవుతుందంటారు, పరీక్ష ఎవరు పాసవుతారంటారు, నీకేం బాబూ అంటారు. రచయిత వాళ్లని చెడ్డవాళ్లుగా చూపించలేదు. కానీ వాళ్ల మాటలు కథానాయకుడి జవాబు కోసమే పుట్టినట్టుంటాయి. ఒక్కరి క్లాసులోకి కూడా మనం ఆ మాస్టరు వైపు నుంచి వెళ్లి చూడం. నాటకంలో ద్వారపాలకుల్లాంటివాళ్లు వాళ్లు. నేను మొదటిసారి చదివినప్పుడు వాళ్లని చూసి నవ్వాను. మా అమ్మ వాళ్లలో ఒకరని అప్పుడు నాకు తట్టలేదు.

శుభ్రత గురించిన ఘట్టం కూడా ఇప్పుడు చదివితే గొంతులో అడ్డంపడుతుంది. మాస్టారు గోళ్లు, జుట్టు, టోపీలు చూస్తాడు. తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడదామనుకుంటాడు, చాలా కొద్దిమందే వస్తారు. రచయిత ఆ ఓటమిని దాచుకోలేదు, అది మెచ్చుకోవాలి. కానీ మిగతావాళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్న వైపు కథ వెళ్లదు. కూలి పోగొట్టుకుని బడికొచ్చి గోళ్ల గురించి ఉపన్యాసం వినడం ఎవరికి వీలవుతుంది? తొంభై ఏళ్ల కిందటి పుస్తకాన్ని ఇవాళ్టి తూకంతో తూచకూడదంటారు. సరే. మరి ఇవాళ్టి టీచర్లకి ఇవాళ్టి శిక్షణలో చదవమని ఇస్తున్నప్పుడైనా తూచాలి కదా.

అన్నిటికంటే పెద్ద సంగతి వేరే ఉంది. ఆ నాలుగో తరగతి పిల్లలకి చదవడం వచ్చు. తడబడతారు, ఆసక్తి లేదు, బట్టీ పడతారు, కానీ పుస్తకం ఇస్తే కూడబలుక్కోగలరు. అందుకే తరగతి గ్రంథాలయం పెట్టగానే అది పనిచేస్తుంది. మన సర్కారు బడి సమస్య ఆ గడపకి ఇవతలే ఆగిపోయింది. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అదీ 2022లో 16.3 ఉన్నది పెరిగి. అంటే నలుగురిలో ఒకరు కూడా లేరు. వీళ్లకి గ్రంథాలయం పెడితే బొమ్మలు చూస్తారు.

ఇది చదివి వినిపించడం ఆపి నేనే అమ్మతో అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్లాడి సంగతి చెప్పింది. ఐదో తరగతి. అమ్మానాన్నా మిరపకోతలకి ఊరూరూ తిరిగేవాళ్లు. వాడి చేతిరాత ముత్యాలకోవ. బోర్డు మీద ఏది రాసినా ఒక్క పొల్లు పోకుండా దించేవాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు వాడి నోట్సు చూసి మెచ్చుకుని అందరికీ చూపించి వెళ్లారు. ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే వాడూ అక్కడే ఉన్నాడట. వచ్చే బస్సు ఏ ఊరిదో బోర్డు చదివి చెప్పరా అంది. వాడు చదవలేదు. చదవలేడు. అక్షరాలు విడివిడిగా కొన్ని వచ్చు, ఒత్తు వస్తే ఆగిపోతాడు, రెండు అక్షరాలు కలిపితే పదమవుతుందని వాడికి తెలియదు. ఐదేళ్లూ బొమ్మలు గీసినట్టు తెలుగు గీశాడు. “నోట్సు నిండా నేను పెట్టిన గుడ్‌లే” అంది అమ్మ. ఆ ఏడాది జూన్‌లో వాడు హైస్కూలుకి వెళ్లిపోయాడు.

మంచి టీచరు చేతిలోనే ఇది జరిగింది. మా అమ్మ కథలు చెప్పేది, పాటలు పాడించేది, పిల్లల్ని కొట్టేది కాదు. గిజుభాయి అడిగిన గుణాలు చాలామటుకు ఆవిడలో ఉన్నాయి. అయినా ఆ పిల్లాడు ఆవిడ కళ్ల ముందు నుంచే జారిపోయాడు. ఎందుకంటే ఆ మూడు తరగతుల గదిలో నిశ్శబ్దంగా దించుకునేవాడే అందరికంటే ఇబ్బంది పెట్టని పిల్లాడు. ‘పగటి కల’ను గొప్ప టీచరు కథగా చదివితే ఈ పిల్లాడి గురించి అది ఏమీ చెప్పలేదు. మనసు పెట్టి చెప్పు, ప్రేమించు అంటుంది. ప్రేమకి తక్కువేం కాలేదిక్కడ.

విచిత్రం ఏమిటంటే ఈ పిల్లాడి కోసం జరిగిన ప్రయోగాల్లో బాగా పేరొచ్చిన ఒకటి కూడా ఆ గుజరాత్‌లోనే జరిగింది. వడోదరలోనూ, ముంబైలోనూ ప్రథమ్ సంస్థ వెనకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని రోజూ రెండు గంటల పాటు విడిగా కూర్చోబెట్టి, ఆ చుట్టుపక్కల అమ్మాయిలతోనే చదవడం, లెక్కలు నేర్పించింది. బాలసఖి అనేవారు వాళ్లని. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తోటివాళ్లతో కలిసి దాన్ని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు నిజంగా ముందుకెళ్లారు. కిటుకు పెద్దదేం కాదు. తరగతిని బట్టి కాకుండా, పిల్లకి ఏం వచ్చో దాన్ని బట్టి కూర్చోబెట్టడం. అక్షరం దగ్గరున్నవాళ్లు ఒకచోట, పదం దగ్గరున్నవాళ్లు ఒకచోట.

ఆ తర్వాతి సంగతి ఇంకా ఆసక్తికరం. ఇదే పద్ధతిని బీహార్‌లో ప్రభుత్వ టీచర్లకి శిక్షణా, సామగ్రీ ఇచ్చి బడి వేళల్లో చేసుకోమన్నప్పుడు ఫలితం రాలేదు. సిలబస్ దాన్ని మింగేసింది. హర్యానాలో రోజుకో గంట దీనికని విడిగా తీసిపెట్టి, పైనుంచి వచ్చేవాళ్లు తనిఖీకి బదులు చేయి అందించినప్పుడు అదే టీచర్లతో ఫలితం వచ్చింది. హీరో రాలేదు. టైంటేబుల్లో ఒక గంట మాత్రం ఖాళీ అయ్యింది.

అమ్మకి ఇది చెబితే పెదవి విరిచింది. “మేం చేయలేదా ఏంటి? క్లిప్పన్నారు, క్లాప్సన్నారు, ఏటా ఓ పేరు. ఈ పేరు నోరు తిరిగేలోపు ఇంకో పేరొచ్చేది.” తెలంగాణలో 2022లో వచ్చిన ‘తొలిమెట్టు’ కూడా ఈ దారిలోనిదే. దానికైనా పేరు మారకుండా పదేళ్లు నడిచే అదృష్టం ఉంటే బాగుణ్ణు.

ఇదంతా చూశాక ‘పగటి కల’ రచనగా ఎక్కడ బలహీనపడిందో నాకు ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. మొదటిరోజు ఓటమిని అంత సూటిగా రాసిన మనిషి, ఆ తర్వాత ఓడిపోవడం దాదాపు మానేస్తాడు. కథ పనిచేసింది, ఆట పనిచేసింది, నాటకం పనిచేసింది, వ్యాకరణం ఆటలా చెబితే అదీ పనిచేసింది. పిల్లల పేర్లు అక్కడక్కడా వినపడినా ఎక్కువగా వాళ్లు గుంపుగానే ఉంటారు. గుంపులో ఎవరు జారిపోయారో కనపడదు. చివరికి వార్షికోత్సవంలో అధికారులు చూసి మెచ్చుకోవాలి. నోట్సు చూసి మెచ్చుకున్న మా ఊరి ఆఫీసరు గుర్తొచ్చాడు నాకు. పగటి కల అని పేరు పెట్టుకుని రచయిత ఈ మాటలన్నిటికీ ముందే జవాబు చెప్పేశాడు అనొచ్చు. తన అనుభవంలోంచి పుట్టిన కల అని కూడా ఆయనే చెప్పుకున్నాడు. రెండూ ఒప్పుకుంటాను. అయినా కలలోనైనా ఒక పిల్లాడు వెనకబడి ఉంటే ఆ కల ఇంకా నమ్మబుద్ధయ్యేది.

మరి ఈ పుస్తకం ఎందుకు చదవాలి? చలం ‘బిడ్డల శిక్షణ’ పక్కన పెట్టి చూడండి. చలం పెద్దవాళ్లని ఝాడిస్తాడు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషే అయినా ఆయన కోపం ఎక్కువగా ఇంటి మీదే. గిజుభాయి గదిలోకి వెళ్లి, నలభై మందినో ఎందరినో ఎదురుగా పెట్టుకుని, పది నుంచి నాలుగింటి దాకా ఏం చేయాలో గంట గంటకీ తేల్చుకోవాల్సి వచ్చిన మనిషి బాధతో రాశాడు. ఆ బాధ నిజం. కథ చెప్పడం గురించి ఆయన కనిపెట్టింది కూడా పాతబడలేదు. ఎరగా మొదలైన కథే కాసేపట్లో పాఠమైపోతుంది. పైగా, ఆయన ఊహించి ఉండడు గానీ, ఐదు తరగతులనీ ఒకేసారి పట్టి ఉంచగలిగే పాఠం కథ ఒక్కటే. రెండో టీచరు రాని రోజుల్లో అందర్నీ వరండాలో కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా మర్యాద రామన్న కథలు చెప్పేదాన్ని అని అమ్మ అంటే, అది తప్పించుకోవడం అని తనే అనుకుంటోందని అర్థమైంది. ఈ పుస్తకం విన్నాక కొంచెం తలెత్తి చెప్పింది.

ఆఖరి అధ్యాయం నిన్న సాయంత్రం పూర్తయింది. సభ, నాటకం, ప్రశంసలు. అమ్మ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

“బానే ఉంది. మరుసటేడు ఆ పిల్లలకి ఎవరొచ్చారంట?”

అది పుస్తకంలో లేదమ్మా అన్నాను. ఆరయింది, చుక్కలు వేయాలి. లోపలికి రమ్మన్నాను.