అక్షరాభిసారం

అష్టవిధ నాయికల్లో నా మనసెప్పుడూ అభిసారిక మీదే. అందులోనూ కృష్ణాభిసారిక! నల్లచీర కట్టి, అందెల నోరు నొక్కి, అమావాస్యనే చెలికత్తెగా వెంటబెట్టుకుని ప్రియుడి దగ్గరికి కదిలే ఆ సాహసి. ఆవిడ నాకు ఈమధ్య మళ్లీ కనబడింది. ప్రబంధంలో కాదు, న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని న్యూ లాట్స్ రైలు యార్డులో, 1980లో. అక్కడ ఆమె పందొమ్మిదేళ్ల కుర్రాడు. పేరు డోండీ.

మార్తా కూపర్ తీసిన ఫొటో అది. 1984లో ఆమె, హెన్రీ చాల్ఫంట్ కలిసి తెచ్చిన 'సబ్‌వే ఆర్ట్' పుస్తకం మీ చేతికి ఎప్పుడైనా దొరికితే, గబగబా పేజీలు తిప్పేయకండి. పక్కపక్కన నిలిపిన రెండు రైళ్లు, నడుమ ఇరుకు సందు. ఒక కాలు ఈ పెట్టెకీ ఒక కాలు ఆ పెట్టెకీ తన్నిపెట్టి, నేలతో పనిలేనివాడిలా నిలబడి ఉంటాడు డోండీ వైట్. చేతిలో రంగు డబ్బా. రైలు పెట్టె మీద దొంగచాటుగా రాస్తున్నది 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్' అనే గ్రాఫిటీ వరుసలో మూడోది. ఆ ఒంటి ఒడుపు చూడండి! కూచిపూడి గురువు చూసినా ఆ కాళ్ల తీరుకు ఒక్క క్షణం తాళం ఆపేవాడు.

రంగు డబ్బాలో చిన్న గోలీ ఒకటి ఉంటుంది. ఊపితే టకటకమంటుంది; నిశిరాత్రి ఆ చప్పుడు కావలివాడి చెవిదాకా పోతుంది. అందుకే డబ్బా అడుగున అయస్కాంతం అంటించి గోలీని కదలకుండా పట్టి ఉంచే నేర్పరులు ఈ విద్యలో ఉన్నారు. ఇది అందెలు విప్పడం కాక మరేమిటి? ఆపైన ఆరువందల వోల్టులకు పైగా కరెంటు పారే మూడో పట్టా, ఎక్కడినుంచి పడుతుందో తెలియని టార్చిలైటు. పాములూ పిడుగులూ దాటి సంకేతస్థలానికి చేరే నాయికకు ఇంతకంటే గండాలేమున్నాయి!

కానీ నన్ను కట్టిపడేసేది గండం కాదు, ఆ గుడ్డితనం. పెట్టె దాదాపు యాభై అడుగుల పొడవు. సందులో రెండడుగులు వెనక్కి వేసి చూసుకునే చోటే లేదు. ముక్కుకు ఆనేంత దగ్గరగా, మసకలో, ఒక్కో వంపూ తడుముకుంటూ రాయాలి. మొత్తం అక్షరం మాత్రం కళ్లు మూసుకున్నా కనబడుతూ ఉండాలి. చీకట్లో బిడ్డ మొహాన్ని వేళ్లతో పోల్చుకునే తల్లి చెయ్యి అది. చిత్రం పూర్తయింది, చిత్రకారుడు ఇంకా దాన్ని చూడనేలేదు! లోకంలో ఎందరు చిత్రకారులకు దక్కింది ఇంత తీయని విరహం?

ఇలా రైళ్లమీద రాసేవాళ్లు తమను చిత్రకారులనుకోరు కూడా. రైటర్లు. రాసేది ఒక్కటే, పేరు. అదీ అమ్మానాన్నలు పెట్టింది కాదు. టాకీ 183 అనే సంతకం ఊరంతా ఎదురై, 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్‌కు ఎక్కింది. ముద్దుపేరు టాకీ, వీధి నంబరు 183, అంతే. ఊరందరి నోటా నానే పేరు, పక్కింటివాడికి తెలియని మనిషి! దాగడమూ చాటడమూ ఒకే చేతి పని కావడంలో ఉన్న కిటుకును మన లాక్షణికులు చూసి ఉంటే దీనికో భావం పేరు పెట్టేవారు. రోజూ ఆ రైళ్లెక్కి, కిటికీల మీది రంగుకు స్టేషను పేరు కనబడక విసుక్కున్నవాళ్ల కోపం న్యాయమైనదే. నేను ఆ రైలెక్కినవాణ్ణి కాను గనక ఈ మురిపెం నాకు చవకగా దొరికింది.

ఇక తెల్లవారుతుంది. అప్పుడు రావాలి బ్రాంక్స్‌కు. పట్టాలు నేలమాళిగ వదిలి, ఇనుప స్తంభాల మీదికెక్కి, ఇళ్ల కప్పుల మధ్యగా వంకర తిరిగే చోటికి. చాల్ఫంట్ కెమెరాతో ఎదురు ప్లాట్‌ఫాం మీద గంటలకొద్దీ కాచుక్కూర్చునేవాడు. పెట్టె పొడవంతా ఒక్క ఫొటోలో పట్టక, వరుసగా తీసిన ముక్కలను ఒకదానికొకటి అతికేవాడు. రాత్రి కృష్ణాభిసారిక పగటిపూట దివాభిసారికై బయల్దేరింది! ఎండ తగిలిన రంగు, రంగు వెనక గడగడమనే ఇనుము, ఆ ఇనుము వెనక మసిబారిన ఊరు. అక్షరాలు కదులుతున్నాయి, కాదు, పరుగెత్తుతున్నాయి! గోడకు వేలాడే ఏ బొమ్మకుంది ఈ వేగం, ఈ పొగరు?

ఎంతసేపు? రైల్వేవాళ్లు రసాయనాలతో కడిగేసేవారు. దాన్ని 'బఫ్' అనేవారు. 1989 మే 12న రంగుపూసిన చివరి రైలును కూడా పట్టాల మీంచి తీసేశారు. మిగిలినవి ఫొటోలే.

ఆ రైళ్లు తిరిగిన రోజుల్లో గ్రాండ్ కాంకోర్స్ 149వ వీధి స్టేషనులో ఒక బెంచీ ఉండేది. రైటర్లు దానిమీద చేరి, వచ్చే పోయే రైళ్లను చూస్తూ బాగోగులు తేల్చేవారు. నా ఊహలో అక్కడ ఒక కుర్రాడున్నాడు. కొత్త రైలు వస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఎవరో పేపరు దించి చూస్తారు, ఒక పాప వేలెత్తి చూపిస్తుంది. తన అక్షరాలను అతను మొత్తంగా చూడటం అదే మొదటిసారి. ఎంత పెద్దవి! గోళ్ల కింద రంగు ఇంకా ఆరలేదు; చేతులు జేబుల్లోంచి తీయడు. తలుపులు తెరుచుకుంటాయి. అందరితోపాటు ఎక్కి, ఒక మూల నిలబడతాడు.