రెండో తెర వెలిగించేవాళ్లు

ఒక తెర మీద కోడ్, ఇంకో తెర మీద మీటింగ్ పెట్టుకుని మంగళగిరి ఐటీ పార్కులోనో, ఇంటి మేడగదిలోనో పనిచేసుకునేవాళ్లకి, లైనక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించిన మానిటర్ ఓ ఉదయం ‘నో సిగ్నల్’ అంటే దిక్కు తోచదు. ఆ చిక్కు విప్పే మనిషి పనితనం చూసి తీరాలి. ముందు కేబుల్ మారుస్తాడు, మానిటర్ ఏ ఇన్‌పుట్ మీద ఉందో చూస్తాడు. తర్వాతే టెర్మినల్. ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ కొట్టి ఏ చిప్‌ని ఏ డ్రైవర్ నడుపుతోందో చదువుతాడు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర ఇంటెల్ చిప్ మీద నడుస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం ఎన్విడియా చిప్‌కి కలిపి ఉంటుంది. అందుకే ఎన్విడియా డ్రైవర్ మొరాయించినా ల్యాప్‌టాప్ తెర నిక్షేపంగా వెలుగుతుంది, బయటిదే వెలగదు. మరి డ్రైవర్ ఎందుకు లోడ్ కాలేదు? అప్‌డేట్‌లో కెర్నల్ మారి దానికి తగ్గ మాడ్యూల్ తయారవలేదా? సంతకం లేదని సెక్యూర్ బూట్ ఆపేసిందా? లాగ్‌లో బారెడు వరుసలు దొర్లిపోతుంటే, కావలసిన ఆ ఒక్క వరుస దగ్గర అతని వేలు టక్కున ఆగుతుంది. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మొదట వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటాడు. మానిటర్ వెలిగిందా, దొంగ దొరికినట్టే. ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట అతని నోట రాదు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. అలాంటివాళ్లని పిలిచినప్పుడు, చివరగా ఏ అప్‌డేట్ వేశారో దాచకుండా చెప్పండి. వాళ్ల పని సగం తగ్గుతుంది.