కన్యాశుల్కంలో ముద్దాయి పక్షం: లుబ్ధావధాన్లు ఖూనీ కేసు

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో బాగా పెంచి తిరగరాసిన రూపంలో వెలువడింది. దానిపై విమర్శ ప్రధానంగా సంఘసంస్కరణ, వాడుకభాష, గిరీశం, మధురవాణి పాత్రల చిత్రణ చుట్టూ సాగింది. మలికూర్పులో కథను ముగింపునకు చేర్చేది మాత్రం ఒక ఖూనీ కేసు. ఆ కేసులో ముద్దాయి హక్కును గురజాడ ఏ పరీక్షకు నిలిపాడన్నది విచారించదగిన విషయం.

ముద్దాయి లుబ్ధావధాన్లు వృద్ధుడు, పరమలోభి, సొమ్మిచ్చి పసిపిల్లను పెళ్లాడదలచినవాడు. ప్రేక్షకుని సానుభూతికి అతనిలో తావు తక్కువ. అయితే అతడు చేసిన తప్పు వేరు, అతనిపై మోపిన నేరం వేరు. పెళ్లికూతురుగా వచ్చింది ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. వాడు వేషం విడిచి వెళ్లిపోగా, పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధించానన్నాడు. పోలీసులు ఖూనీ జరిగిందన్నారు. రెండు కథనాలకూ ఉన్న సాక్ష్యబలం ఒక్కటే.

1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం నేరాన్ని రుజువు చేయవలసిన భారం అభియోగం మోపినవారిది. నాటకంలో ఈ సూత్రం ఆచరణలో తలకిందులైంది. పిల్ల చావలేదని ముద్దాయే చూపవలసివచ్చింది. అసలు లేని పిల్ల బ్రతికి ఉన్నదని ఎవరు చూపగలరు? వకీలు సౌజన్యారావు పంతులు అతని నిర్దోషిత్వాన్ని నమ్మాడు. కాని నమ్మకం సాక్ష్యం కాదు. నిజం తెలిసినది మధురవాణి. వేశ్యలను దరిచేరనీయకపోవడం ఆ వకీలు నియమం. అందువల్ల ఆమె పురుషవేషంలో రావలసివచ్చింది. ఒక వేషం పుట్టించిన కేసు చిక్కును మరొక వేషం విప్పింది.

తాను చెప్పబోయే నిజానికి మూల్యంగా ఆమె ముద్దు కోరడాన్ని సరసంగానో, సంస్కర్తపై వ్యంగ్యంగానో చదవవచ్చు. ముద్దాయి వైపు నుండి చూస్తే అది వకీలుకు పెట్టిన పరీక్ష. తన శీలనియమం ముఖ్యమా, తనను నమ్ముకున్నవాని ప్రాణం ముఖ్యమా? చివరకు ఆమె తానే ముద్దు వద్దని అతని నియమాన్ని నిలిపింది. ప్రశ్న మాత్రం మిగిలింది.

ఆ ప్రశ్న నేటికీ సజీవం. భారత రాజ్యాంగం 22(1) అధికరణం నిర్బంధితునికి తాను ఎంచుకున్న న్యాయవాది ద్వారా వాదించుకొనే హక్కునిచ్చింది. అయినా ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ హాజరు కారాదని న్యాయవాదుల సంఘాలు తీర్మానించిన సందర్భాలున్నాయి. అటువంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తమిళనాడుకు చెందిన ఒక కేసులో స్పష్టం చేసింది.

లుబ్ధావధాన్లు సజ్జనుడు కాకపోవడమే ఈ ఘట్టానికి బలం. సజ్జనుడైతే అతని రక్షణ దయగా కనిపించేది. కానందువల్ల అది న్యాయంగా కనిపిస్తుంది. దీని పరిమితి కూడా గుర్తించదగినదే. అతనికి ఊరట న్యాయవ్యవస్థ ఇచ్చినది కాదు, ఒక వ్యక్తి ఔదార్యం ఇచ్చినది. మధురవాణి ఆ రాత్రి రాకపోతే అతని నిర్దోషిత్వానికి న్యాయస్థానంలో నోరు లేదు.